ఫిష్ ట్యాంకులో ఫిల్టరు, ఎయిర్ పంపు: ఏది ఎక్కడ పెట్టాలి, ఎందుకు

అక్వేరియం షాపులో ట్యాంకు కొంటే దాంతోపాటు ఒక ఎయిర్ పంపు, ఒక ఫిల్టరు కూడా ఇస్తారు. వాటిని ఎక్కడ బిగించాలో మాత్రం చాలా చోట్ల చెప్పరు. ఇంటికొచ్చాక ప్లగ్గు ఏ వైపు ఉంటే ఆ వైపు ఫిల్టరు, చూడ్డానికి బాగున్న చోట బుడగలు. మొదట్లో అంతా బాగానే నడుస్తుంది. చేపలు పెరిగి, ఎండలు ముదిరాక ఒకరోజు తెల్లవారుజామున అన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. కొత్త సామాను కొనక్కర్లేదు. ఉన్నదాన్నే సరైన చోట పెడితే చాలా ఇళ్లలో ఈ సమస్య తీరిపోతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది రెండడుగుల ట్యాంకు కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చెబుతాను.

ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది

నీటిలోకి ఆక్సిజన్ ప్రధానంగా పైభాగం నుంచే దిగుతుంది. గాలీ నీరూ తాకే ఆ పొర దగ్గరే ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది, చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. అడుగునున్న బుడగ పైకి రావడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. అంతలో దాన్లోంచి నీటిలో కరిగే ఆక్సిజన్ కొంచెమే. బుడగలు చేసే అసలు మేలు ఏమిటంటే, అడుగు నీటిని తమతో పాటు పైకి లాక్కొచ్చి పైపొరను కదిలిస్తాయి. ఫిల్టరు నుంచి వచ్చే ధార కూడా ఆ పని చేయగలదు, సరిగ్గా పెడితే బుడగల కంటే బాగా చేస్తుంది.

అందుకే ట్యాంకు ముందు నిలబడ్డప్పుడు బుడగలు ఎన్ని వస్తున్నాయని కాకుండా, పైనీరు ఎంత మేర కదులుతోందని చూడండి. ఒక మూల మాత్రమే కదిలి మిగతాదంతా అద్దంలా నిశ్చలంగా ఉంటే మీ ట్యాంకుకు గాలి చాలడం లేదు.

నీరు వేడెక్కేకొద్దీ దానిలో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో గరిష్ఠంగా 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.3, 30 దగ్గర 7.6, 35కు వచ్చేసరికి 7 లోపే. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుని దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అంటే రోహిణి కార్తెలో రాబడి తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. జనవరిలో హాయిగా తిరిగిన చేపలు మే నెలలో అదే ట్యాంకులో, అదే పంపుతో ఇబ్బంది పడటానికి కారణం ఇదే.

రోజులో గడ్డుకాలం తెల్లవారుజాము. ట్యాంకులో మొక్కలుంటే పగలు వెలుగులో ఆక్సిజన్ ఇస్తాయి, చీకటి పడ్డాక అవీ వాడుకుంటాయి. రాత్రంతా చేపలు, మొక్కలు, బ్యాక్టీరియా అన్నీ వాడగా వాడగా సూర్యోదయానికి ముందు నిల్వ అడుగంటుతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రుళ్లు ఏరియేటర్లు తిరిగేది ఇందుకే. అక్కడి రైతులు ‘డీవో పడిపోయింది’ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గిందని అర్థం. చెరువుకైనా ట్యాంకుకైనా లెక్క ఒకటే. కాబట్టి శబ్దం వస్తోందని రాత్రిపూట పంపు, ఫిల్టరు ఆపేసే అలవాటు ఉంటే వెంటనే మానుకోండి.

మొదటి అడుగు: ట్యాంకు ఆకారం, ఉంచే చోటు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకు తీసుకుందాం. దాని పైభాగం వైశాల్యం 60 × 30, అంటే 1,800 చదరపు సెంటీమీటర్లు. అదే ట్యాంకును నిలువుగా కట్టించి అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు పెడితే నీళ్లు అన్నే పడతాయి గానీ పైభాగం 900కు, సరిగ్గా సగానికి పడిపోతుంది. గుండ్రటి గాజు బౌల్ మూతి దగ్గర ఇంకా ఇరుకు. గోల్డ్ ఫిష్‌ను అలాంటి బౌల్‌లో పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. ఎత్తు ట్యాంకు ఇప్పటికే ఉంటే చేపల సంఖ్య తగ్గించండి. నీటిని కిందినుంచి పైకి తేవడం మీద మరింత దృష్టి పెట్టండి.

ట్యాంకు మీద నేరుగా ఎండ పడకూడదు. వంటగదికి దూరంగా ఉంటే మంచిది, తాలింపు పొగలోని నూనె నీటిపై పల్చని పొరగా పేరుకుని గాలి దిగకుండా అడ్డుకుంటుంది. గాజు మూత ఉంటే ఒక పక్క వేలెడు సందు వదలండి.

రెండో అడుగు: ఫిల్టరు శక్తి సరిపోతుందా

మన రెండడుగుల ట్యాంకులో కొలత ప్రకారం 54 లీటర్లు పట్టాలి. పైన వదిలిన ఖాళీ, గులకరాళ్లు, అలంకరణ తీసేస్తే నిజంగా ఉండేది 45 లీటర్ల చుట్టుపక్కల. మామూలు చేపలకు గంటకు మొత్తం నీరు 4 నుంచి 6 సార్లు ఫిల్టరు గుండా తిరగాలన్నది అందరూ పాటించే లెక్క. ఐదు రెట్లు అనుకుంటే గంటకు 225 లీటర్లు.

డబ్బా మీద రాసి ఉండేది స్పాంజీ, ఇతర సరుకు లేకుండా పంపు తోడే లెక్క. ఇంట్లో నడిచేటప్పుడు అంత రాదు. వెనక తగిలించే ఫిల్టరు, ట్యాంకు పైన పెట్టే టాప్ ఫిల్టరు ఉన్నవాళ్లు నిజంగా ఎంత వస్తోందో సులువుగా కొలవచ్చు. నీళ్లు పడే చోట లీటరు జగ్గు పట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. 3,600ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. జగ్గు 15 సెకన్లలో నిండితే 240 లీటర్లు, మన ట్యాంకుకు సరిపోతుంది. 30 సెకన్లు పడితే 120 మాత్రమే. స్పాంజీ కడిగి మళ్లీ కొలవండి, అప్పటికీ పెరగకపోతే పంపు చాలదన్నమాట.

గోల్డ్ ఫిష్ ఎక్కువ తింటుంది, ఎక్కువ మురికి చేస్తుంది, ఆక్సిజనూ ఎక్కువే వాడుతుంది. దానికి ఈ లెక్కలో పై అంచు చూసుకోండి. ఫైటర్ చేపకు ఇంత ధార భరించలేనిది, దాని సంగతి కింద విడిగా చెబుతాను.

మూడో అడుగు: ఫిల్టరు బిగించడం

ట్యాంకు లోపల సక్షన్ కప్పులతో అంటించే పవర్ ఫిల్టరును చాలామంది వెనక గోడకు సరిగ్గా మధ్యలో పెడతారు. అక్కడి నుంచి వచ్చే ధార అడుగు దూరంలోనే ముందు అద్దానికి కొట్టుకుని చచ్చిపోతుంది. రెండు చివర్ల నీరు కదలదు. దాన్ని తీసి పొట్టి గోడకు, వెనక మూల వైపు బిగించండి. ధార ట్యాంకు పొడవునా పారేలా నాజిల్ తిప్పండి.

ఎత్తు విషయంలో రెండు చూడాలి. నీళ్లు బయటికి వచ్చే నాజిల్ నీటిమట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల కింద, కాస్త పైకి వంచి ఉండాలి. అప్పుడు పైపొర మీద అలలు సన్నగా, ఎదుటి గోడ దాకా వెళ్తాయి. నీళ్లు పీల్చుకునే కింది భాగం మాత్రం గులకరాళ్లకు ఒకటిన్నర అంగుళం పైన ఆగాలి, ఇసుకను ఆనించి పెడితే రేణువులు లోపల నీటిని తోసే చిన్న చక్రాన్ని, అంటే ఇంపెల్లర్‌ను, అరగదీస్తాయి. ఫిల్టరు పొడవు తక్కువై రెండూ కుదరకపోతే పైభాగానికే ప్రాధాన్యం ఇవ్వండి, అడుగు మురికిని వారానికోసారి సైఫన్ పైపుతో తీసుకోవచ్చు.

ఎండాకాలంలో నీళ్లు ఆవిరై మట్టం రోజురోజుకీ దిగుతుంది. మోటారు నీటిలోంచి బయటపడి తిరిగితే కాలిపోతుంది. ఫిల్టరు మీద ఉన్న కనీస నీటి గీతను చూసుకుని, ట్యాంకు బయట అదే ఎత్తులో చిన్న టేపు ముక్క అంటించండి. నీరు టేపు దగ్గరికి రాగానే పోయాలి.

వెనక తగిలించే ఫిల్టరైతే గోడకు మధ్యలో కాకుండా ఒక చివరకు జరపండి, జలపాతంలా పడే నీరే గాలిని కలుపుతుంది. ట్యాంకు బయట మూసిన డబ్బాలా ఉండి పైపులతో నీరు తిప్పే కానిస్టర్ ఫిల్టరుకు పీల్చే పైపు, వదిలే పైపు రెండూ ఒకే చివర ఉండొచ్చు. పైన వదిలిన నీరు పొడవునా వెళ్లి, అడుగు మీదుగా తిరిగొచ్చి మళ్లీ పైపులో పడుతుంది. రెండడుగుల ట్యాంకుకు మాత్రం కానిస్టర్ అనవసరమైన ఖర్చని నా అభిప్రాయం. అడుగున ప్లేట్లు పరిచి వాటిపై రాళ్లు పోసే పాతకాలం అండర్ గ్రావెల్ ఫిల్టరు ఉన్నవాళ్లు దాన్ని అలాగే నడుపుకోవచ్చు, రాళ్ల మధ్య మురికి కూరుకుపోకుండా సైఫన్ చేస్తుంటే చాలు.

గప్పీలు, మోలీలు పిల్లలు పెడుతున్న ట్యాంకులో పవర్ ఫిల్టరు ఆ పిల్లల్ని లాగేసుకుంటుంది. అక్కడ స్పాంజి ఫిల్టరే వాడండి. అది ఎయిర్ పంపుతో నడుస్తుంది, ఫిల్టరు పనీ గాలి పనీ ఒక్కటే చేస్తుంది, ధరా తక్కువే. మామూలు ట్యాంకులో కూడా పవర్ ఫిల్టరుకు తోడు ఎదుటి చివర ఒక చిన్న స్పాంజి ఫిల్టరు ఉంచితే, ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. ఇద్దరు ముగ్గురు చేపల పెంపకందారులను అడిగితే ఇద్దరు ముగ్గురూ ఇదే చెబుతారు.

నాలుగో అడుగు: నీరు ఎటు తిరుగుతోందో కళ్లతో చూడటం

ఈ పరీక్ష అయిదు నిమిషాల పని. దయచేసి దాటవేయకండి. చేపల మేత ఒక చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య మెత్తని పొడి చేయండి. గదిలో లైటు ఆర్పి, ట్యాంకు పక్క నుంచి టార్చి వేసి, ఫిల్టరు నాజిల్ ముందు ఆ పొడి వదలండి. టార్చి వెలుగులో రేణువులు మెరుస్తూ కదలడం స్పష్టంగా కనిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే అవి పైన పొడవునా వెళ్లి, ఎదుటి అద్దానికి తగిలి, కిందికి దిగి, అడుగు మీదుగా ఫిల్టరు వైపు తిరిగొస్తాయి.

ఎక్కడో ఒకచోట కొన్ని రేణువులు ఆగి, అక్కడక్కడే సుడి తిరుగుతూ మెల్లగా కిందికి దిగుతాయి. పెద్ద రాయి వెనకో, బొమ్మ వెనకో, ఫిల్టరు ఉన్న మూలకే కిందనో. రోజూ చేపల పెంట, మిగిలిన మేత చేరేది అక్కడే. అది కుళ్లి ఆక్సిజన్ తినేస్తుంది, అమ్మోనియా వదులుతుంది. రాయిని వెనక అద్దానికి ఆనించకుండా రెండు వేళ్ల సందు ఉండేలా ముందుకు జరపండి, నాజిల్‌ను కొద్దిగా తిప్పండి, మళ్లీ పొడి వేసి చూడండి. ఎంత తిప్పినా ఒక మూల మిగిలిపోతే ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు ట్యూబు చివర బుడగలు వదిలే రాయి) పెట్టాల్సిన చోటు దొరికినట్టే.

ఐదో అడుగు: ఎయిర్ స్టోన్, పంపు

పొడి ఆగిపోయిన ఆ మూలన, అడుగుకు దగ్గరగా ఎయిర్ స్టోన్ ఉంచండి. ఫిల్టరు నోటి కింద మాత్రం వద్దు. బుడగలు లోపలికి పోతే మోటారు గరగరమంటుంది, ఒక్కోసారి లోపల గాలి చిక్కుకుని నీరు తోడటమే ఆగిపోతుంది.

పంపు ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తులో ఉండటం ఉత్తమం. కింద స్టాండులో పెడితే, కరెంటు పోయినప్పుడు నీరు ట్యూబు వెంట వెనక్కి దిగి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి చేరుతుంది. తప్పనిసరై కింద పెడితే ట్యూబు మధ్యలో ఒకే వైపు పోనిచ్చే చెక్ వాల్వు వేయండి. ఇది చాలా చవకైన చిన్న ముక్క. ఏ వైపు నోటితో ఊదితే గాలి పోతుందో ఆ వైపు పంపుకు తగిలించాలి, తిరగేస్తే బుడగలే రావు.

ఎయిర్ పంపు మీ గదిలోని గాలినే పీల్చి నీటిలోకి కొడుతుంది. పక్కనే దోమల లిక్విడ్ మెషీన్ పెట్టినా, దోమల చక్రం వెలిగించినా ఆ ఆవిరి, పొగ నేరుగా చేపల దగ్గరికి వెళ్తాయి. వాటిలో వాడే పైరిథ్రాయిడ్ మందులు మనకు పెద్దగా హాని చేయకపోయినా చేపలకు చాలా విషం. దోమల మెషీన్ ఉన్న గదిలో ట్యాంకు ఉంచకపోవడమే మంచిది. వేరే దారి లేకపోతే దాన్ని గదికి అవతలి చివర పెట్టండి. ఇల్లంతా దోమల మందు కొట్టించేటప్పుడు ట్యాంకుపై తడిబట్ట కప్పి, గాలి మారేదాకా ఎయిర్ పంపు ఆపి ఫిల్టరు మాత్రం నడపండి.

వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వదలండి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, సాకెట్‌లోకి వెళ్లదు. ట్యాంకులో చేయి పెట్టేముందు స్విచ్‌లన్నీ ఆపాలి, ఇంట్లో పిల్లలకూ ఇది నేర్పండి.

ఫైటర్, గౌరామీ ఉన్నవాళ్లకు

ఈ చేపలు మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చే అవయవం కలిగినవి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను కూడా గాలి పీల్చేదే, మార్కెట్లో టబ్బులోని కాసిని నీళ్లలో గంటల తరబడి బతికి ఉండేది అందుకే. కాబట్టి ఫైటర్ అప్పుడప్పుడూ పైకొచ్చి ఒక గుటక వేసి వెళ్తే కంగారు పడకండి. నీటికీ మూతకీ మధ్య రెండంగుళాల ఖాళీ వదలండి. పొడవైన రెక్కలతో అది ధారకు ఎదురీదలేదు, కాబట్టి చిన్న స్పాంజి ఫిల్టరు పెట్టి గాలి వాల్వుతో బుడగలు తగ్గించండి. ఎప్పుడూ ఆకు చాటునో మూలనో నక్కి ఉంటే ధార ఇంకా ఎక్కువగా ఉన్నట్టే.

ఆరో అడుగు: కడగడం

ఫిల్టరు స్పాంజీలో కంటికి కనబడని బ్యాక్టీరియా ఉంటుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను అది నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దానికి బతకడానికి ఆక్సిజన్ కావాలి, పారే నీరే దానికి ఆక్సిజన్ తెస్తుంది. అందుకే ఫిల్టరు ఆపకూడదనేది.

స్పాంజీని కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండితే మున్సిపల్ నీటిలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది. నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన బకెట్టు నీటిలోనే రెండు మూడు సార్లు పిండి మళ్లీ పెట్టేయండి. రంగు మట్టిలా ఉన్నా పర్వాలేదు. ఇంపెల్లర్ చుట్టూ చేరిన జిగురును ఇయర్ బడ్‌తో తుడవండి, తగ్గిన ధార చాలాసార్లు దీంతోనే తిరిగొస్తుంది. ఎయిర్ స్టోన్ మూసుకుపోతే పంపు మీద భారం పడుతుంది, బుడగలు సన్నగిల్లగానే మార్చండి. నీటిపై జిడ్డుపొర కనిపిస్తే టిష్యూ పేపరు నీటిమీద పరిచి ఒక అంచు పట్టుకుని లాగండి, పొర దానికే అంటుకుని వస్తుంది.

చేపలన్నీ పైకొచ్చి గుటకలు వేస్తుంటే

ఒక్క చేపే అలా చేస్తే దాని మొప్పలకు జబ్బు అయ్యుండొచ్చు. అన్నీ ఒకేసారి చేస్తే నీటిదే సమస్య. నీళ్లు మార్చిన కాసేపటికే మొదలైతే క్లోరిన్‌ను అనుమానించి యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. తెల్లవారుజామున కనిపించి పొద్దెక్కాక సర్దుకుంటే ఆక్సిజన్ తక్కువ. రోజంతా ఉంటే అమ్మోనియా కూడా పెరిగి ఉండొచ్చు.

ఏదైనా సరే, ముందు నాజిల్‌ను పైకి తిప్పి పైనీటిని బాగా కదిలించండి. ఆ తర్వాత సుమారు మూడోవంతు నీరు మార్చండి. బోరు నీళ్లు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: భూమిలోంచి అప్పుడే వచ్చిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండొచ్చు. వీలైతే ముందురోజే బకెట్టులో పట్టి, ఎయిర్ స్టోన్ వేసి ఉంచిన నీరు పోయండి. అత్యవసరమైతే ఒక బకెట్టులోంచి ఇంకో బకెట్టులోకి ఎత్తు నుంచి పదిసార్లు పోసి, చుక్కలు వేసి, అప్పుడు వాడండి.

ఎండాకాలం పగటిపూట మూత తీసి, చిన్న టేబుల్ ఫ్యాను గాలి నీటిపై తగిలేలా పెడితే ఆవిరవుతూ నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. ఉక్కపోత ఎక్కువుండే కోస్తా ఊళ్లలో ఈ ఫలితం కొంత తగ్గుతుంది. చేపలు పైకి ఎగరకుండా పైన వల కట్టండి. ఐస్ ముక్కలు మాత్రం నేరుగా వేయకండి, వేడి ఒక్కసారిగా పడిపోవడం చేపకు ఇంకో దెబ్బ.

కరెంటు పోయినప్పుడు

గంట రెండు గంటలకు, చేపలు కిక్కిరిసి లేకపోతే, ఏమీ కాదు. అంతకు మించేలా ఉంటే బ్యాటరీ ఎయిర్ పంపు కానీ, పవర్ బ్యాంకుతో నడిచే చిన్న యూఎస్‌బీ పంపు కానీ పెట్టండి. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఎయిర్ పంపు ప్లగ్గును దాని లైనులోకి మార్చుకోండి, అది తినేది కొద్ది వాట్లే. ఏదీ లేకపోతే పది పదిహేను నిమిషాలకోసారి మగ్గుతో ట్యాంకు నీరే తీసి జానెడు ఎత్తు నుంచి తిరిగి పోయండి. ఆ సమయంలో మేత వేయొద్దు. అరగడానికీ ఆక్సిజన్ కావాలి, తినకుండా మిగిలింది కుళ్లడానికీ కావాలి.

కరెంటు వచ్చాక ఎయిర్ పంపు, ట్యాంకు లోపలి ఫిల్టరు వెంటనే వేసేయొచ్చు. కానిస్టర్ ఫిల్టరు మూసిన డబ్బా కాబట్టి గంటల తరబడి ఆగితే లోపలి నీటిలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. నేరుగా స్విచ్ వేస్తే ఆ చెడిన నీరంతా ట్యాంకులోకి వస్తుంది. దాని మూత తీసి వాసన చూడండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే నీరు పారబోసి, లోపలి సరుకును ట్యాంకు నీటిలో కడిగి, తర్వాతే నడపండి. ఆ రోజంతా మేత మానేసి, మర్నాడు సగమే వేయండి.